తాళానికి చెప్పిన మాట

పోయిన వారం మనం అమ్మని దుకాణంలో కంప్యూటరు ముందు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉండగా వదిలి వచ్చాం. పాపం, ఆవిడ చేసిన నేరం అంత పెద్దదేమీ కాదు. కూతురు బుల్లి, తాళాల దుకాణం నడుపుతోంది. మారుతాళాలు చేయించుకున్నవాళ్ళకీ, తలుపులకి గడియలు బిగించుకున్నవాళ్ళకీ వారం వారం ఒక మెయిల్ పంపుతుంది. దాన్ని న్యూస్‌లెటర్ అంటుంది బుల్లి, ఉత్తరం అంటుంది అమ్మ. ఆ రోజు బుల్లి ఎవరింట్లోనో బిగుసుకుపోయిన తలుపు తియ్యడానికి వెళ్ళి, అక్కణ్ణించి ఫోన్ చేసి, అంతా సిద్ధంగా ఉందమ్మా, ఆ నీలం బటన్ నొక్కెయ్యి చాలు అంది.

అమ్మ నొక్కబోతూ ఒకసారి చదివింది. ఇత్తడి తాళాల మీద తగ్గింపు, త్వరపడండి, మంచి అవకాశం మించిపోతుంది. అంతే. ఎలా ఉన్నారని ఒక్క మాట లేదు. క్షేమం అడగకుండా ఉత్తరమేంటి? పిల్లని ఎలా పెంచిందిరా ఈవిడ అనుకోరూ జనం? అందుకని ఒంటి వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ అడుగున తనే నాలుగు ముక్కలు చేర్చింది. మీరందరూ బాగున్నారని తలుస్తాను. బయటికి వెళ్ళేటప్పుడు గొడుగు మరిచిపోకండి. స్టవ్ కట్టేశారో లేదో చూసుకోండి, ఒకసారి చూస్తే చాలు, నాలాగా సగం దారిలోంచి వెనక్కి రాకండి. ఇంటికి చేరగానే చేరామని ఒక్క ముక్క రాయండి, అందాకా నా మనసు మనసులో ఉండదు. ఇట్లు, బుల్లి వాళ్ళమ్మ.

నొక్కేసింది. ఇన్నాళ్ళూ ఒక్క జవాబు కూడా వచ్చిన పాపాన పోని ఆ మెయిలుకి సాయంత్రం నించీ వరసగా జవాబులు రావడం మొదలెట్టాయి. అన్నిట్లోనూ ఒకటే మాట. చేరామండీ. చేరానమ్మా, బస్సు ఆలస్యమైంది. చేరాం అత్తా, స్టవ్ కట్టేసే ఉంది. కొంప మునిగిందనుకుంది అమ్మ. సరిగ్గా అప్పుడే బుల్లి గుమ్మంలో అడుగుపెట్టింది.

తిడుతుందనుకుంది. తిట్టలేదు. బుల్లి అవన్నీ చదివి, స్టూలు మీద కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని అన్న మాటకి మాత్రం అమ్మ గుండె జారిపోయింది. వచ్చే వారం ఉత్తరం కూడా నువ్వే రాయాలమ్మా అంది.

ఇది సరదాకి అన్న మాట కాదు. వీధి మలుపులో పెద్ద సామాన్ల షాపు తెరిచినప్పట్నించీ బుల్లి దుకాణం ముందు జనం పలచబడ్డారు. ఆ షాపువాళ్ళు వచ్చి, మా దగ్గర తాళాల కౌంటరు చూసుకో, దుకాణం మూసెయ్యి, నెల జీతం తీసుకో అని అడిగి వెళ్ళారు. నెలాఖరుకి ఏదో ఒకటి చెప్పాలి. నిజం చెప్పాలంటే అమ్మకి ఆ జీతం మాట విన్నప్పుడు మనసు కాస్త నెమ్మదించింది. ముక్కూ మొహం తెలియని ఇళ్ళకి పిల్ల సంచీ వేసుకుని ఒంటరిగా వెళ్ళక్కర్లేదు. కానీ ఆ రోజు బుల్లి అన్నం సగంలో వదిలేసి లేచిపోయింది. అప్పట్నించీ ఆ జీతం సంగతి అమ్మ మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు బుల్లి ఆశంతా ఈ ఉత్తరం మీదే. పోయిన వారం జవాబు రాసినవాళ్ళు ఈ వారం కూడా రాస్తే, వాళ్ళల్లో కొందరైనా అరిగిపోయిన తాళంచెవి పట్టుకుని గుమ్మం తొక్కితే దుకాణం నిలబడుతుంది. చప్పటి ఉత్తరం ఒకటి వెళ్ళిందంటే మళ్ళీ ఎవరూ తెరిచి చూడరు.

సరే, ఏం రాయాలి? ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించుకుని ముగ్గురూ దుకాణంలో కూర్చున్నారు. మూడో మనిషి అల్లుడు. బీమా కంపెనీలో పనిచేస్తాడు, మంచివాడు, అత్తగారంటే గౌరవం, కానీ తనకి తెలిసిన వ్యాపారం ఒక్కటే. అత్తయ్యా, మనిషికి భయం వేస్తేగానీ సంతకం పెట్టడు, ఇరవై రకాల మనుషుల దగ్గర చూశాను అన్నాడు. దొంగలు ఎలా వస్తారో రాయండి, చదివినవాడు చదివినట్టే లేచి దుకాణానికి రావాలి. అలాంటివి ఊహించడంలో మిమ్మల్ని మించినవాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారా అని ఒక మాట కలిపాడు. పొగిడాడో వెక్కిరించాడో అమ్మకి తెలియలేదు. పొగడ్తే అనుకుంది.

ఇక మొదలుపెట్టింది. అమ్మ చెబుతుంటే బుల్లి టైపు చేస్తోంది. ముందు గుమ్మం నించి ఏ దొంగా రాడు, వాడికేం పిచ్చా? వంటింటి కిటికీ చువ్వ ఒకటి వదులుగా ఉంటుంది, అది మీకు తెలియదు, వాడికి తెలుసు. పాలవాడిలా వస్తాడు, మీటరు చూసేవాడిలా వస్తాడు, మర్యాదగా మాట్లాడి వెళ్తాడు. వెళ్ళేటప్పుడు గడియ ఏ వైపు ఉందో చూసుకుని వెళ్తాడు. మీరు స్నానానికి వెళ్ళే వేళ ఏదో, కుళాయి ఎంతసేపు కట్టకుండా ఉంటుందో అన్నీ వాడికి లెక్కే. మీరు లోపల పాట పాడుకుంటూ ఉంటారు. వెనక తలుపు కిర్రుమనదు, ఎందుకంటే వాడు నూనె వేసి వచ్చాడు.

నూనె దగ్గరికి వచ్చేసరికి బుల్లి వేళ్ళు ఆగిపోయాయి. అల్లుడు ఏదో పనున్నట్టు లేచి, వెనక గది తలుపు వేసి ఉందో లేదో చూసి వచ్చాడు. చూసినట్టు కనబడకుండా మంచినీళ్ళ సీసా ఒకటి పట్టుకొచ్చాడు. ఏం బాబూ, వేసే ఉందా అని అడిగింది అమ్మ. ఉంది అత్తయ్యా అన్నాడు అల్లుడు, చెవులు ఎర్రబడుతుంటే.

బుల్లి అంతా మళ్ళీ చదివింది. అద్భుతంగా ఉందమ్మా అంది. పైన పెట్టే మాట కూడా దొరికింది, 'వాడు మీ ఇంటిని చూసి వెళ్ళాడు' అని. చెయ్యి మౌస్ మీద పెట్టింది.

"పంపకే," అంది అమ్మ.

ఏమైందంటే చెప్పదు. వద్దంటే వద్దు. తప్పులున్నాయా అంటే లేవు. ఇంకా చేర్చాలా అంటే అదీ కాదు. అల్లుడు సర్దిచెప్పబోయాడు. ఇది జనం మంచికే కదా అత్తయ్యా, జాగ్రత్తపడతారు అన్నాడు. అమ్మ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. పోయిన వారం జవాబు రాసినవాళ్ళు ఒక్కొక్కళ్ళూ ఆవిడ కళ్ళ ముందు తిరుగుతున్నారు. చేరానమ్మా, ఇంట్లో నేనొక్కదాన్నే కాబట్టి స్టవ్ సంగతి నన్నడిగేవాళ్ళు లేరు అని రాసిందొకావిడ. ఆవిడ ఇప్పుడు ఈ ఉత్తరం తెరిచి చదువుతుంది. చదివి, వంటింట్లోకి వెళ్ళి చువ్వలు లాగి చూస్తుంది.

బుల్లికి కోపం వచ్చింది. కోపం వస్తే ఆ పిల్ల గొంతు పెంచదు, ఇంకా తగ్గిస్తుంది.

"చిన్నప్పట్నించీ ఇవన్నీ నాకు ఊరికే చెప్పావు కదమ్మా. మెట్ల మీద పరిగెత్తకు పడతావు, కిటికీ దగ్గర నిలబడకు ఎవరో చూస్తారు, ఎవరేం పెట్టినా తినకు. నేను బెదిరి చచ్చినా నీకు పర్లేదు. ఇప్పుడు ఆ భయమే నాకు అన్నం పెడుతుందంటే మాత్రం ఊళ్ళోవాళ్ళ మీద జాలి పుట్టుకొచ్చింది."

అల్లుడు కీబోర్డులో దుమ్ము ఊదడం మొదలెట్టాడు. అమ్మ కాసేపు కొంగుతో, లేని మరకని బల్ల మీద తుడిచింది.

"నిన్ను భయపెట్టిన రోజున నీ పక్కనే పడుకున్నాను కదే. నువ్వు ఉలిక్కిపడి లేస్తే చేతికి నేను తగిలేదాన్ని. ఇది చదివినవాళ్ళ పక్కన ఎవరుంటారు? నువ్వుంటావా, అల్లుడుగారుంటారా?"

టీ పెట్టుకొస్తానని అల్లుడు మేడ మీదికి వెళ్ళిపోయాడు. అతనికి టీ పెట్టడం రాదని ఇంట్లో అందరికీ తెలుసు.

బుల్లి లేచి తాళంచెవులు కోసే మిషను దగ్గరికి వెళ్ళింది. చేతికి పని లేకపోతే దానికి నోట మాట రాదు, చిన్నప్పట్నించీ అంతే. కొత్త చెవి ఒకటి బిగించి మిషను నడిపింది. సన్నటి ఇత్తడి పొడి ఎగురుతోంది. తగవులో ఉన్నామని అమ్మకి గుర్తుంది, అయినా ఉండబట్టలేక, కళ్ళద్దాలు పెట్టుకోవే అంది. బుల్లి వెనక్కి తిరగకుండానే తీసి పెట్టుకుంది. మిషను ఆపి, అద్దాలు అలాగే ఉంచుకుని, నేను ఈ పని ఎందుకు నేర్చుకున్నానో ఎప్పుడైనా అడిగావా అంది.

అడగడానికేముంది? మొండితనం. టైపు నేర్చుకోవే, చల్లగా నీడపట్టున ఉద్యోగం వస్తుంది అంటే వినకుండా, వీధి చివర ముసలి తాళాలాయన దగ్గర కూర్చుని చేతులన్నీ గీసుకుంది. నన్ను ఏడిపించడానికే నేర్చుకుంటోందని ఆ రోజుల్లో అమ్మ పక్కింటావిడ దగ్గర చెప్పుకుని ఏడ్చింది కూడా. ఆ మాటే ఇప్పుడు అంది.

బుల్లి నవ్వింది. మంచం మీద పడుకుని నీ అడుగులు వినేదాన్నమ్మా అంది. మంచం దగ్గర్నించి తలుపు దాకా, తలుపు దగ్గర్నించి మంచం దాకా. గడియ లాగి చూస్తావు, వస్తావు, పడుకుంటావు, మళ్ళీ లేస్తావు. ఇంట్లో గట్టి తాళం ఒకటుంటే అమ్మ లేవదు కదా అనుకునేదాన్ని. అది కొనడం మన చేతుల్లో లేదు, అందుకని చెయ్యడం నేర్చుకున్నాను. మొదటి తాళం మన తలుపుకే వేశాను, గుర్తుందా?

అమ్మకి గుర్తుంది. బుల్లి అద్దాలు తీసి తుడుచుకుంటూ, ఏం లాభం, ఆ తర్వాత కూడా తాళం దగ్గరికి వెళ్తూనే ఉన్నావుగా అంది.

"వెళ్ళాను. ఒక్కసారే వెళ్ళి వచ్చేదాన్ని. మళ్ళీ లేవలేదే, ఒట్టు. దాంతో మాట్లాడి వచ్చేదాన్ని కదా."

దేంతో అంది బుల్లి. తాళంతో అంది అమ్మ, అందులో వింతేముందన్నట్టు. ఇదేదో తెలివైన పని అని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు, ఒకళ్ళతో చెప్పుకోదగ్గ పని అని అంతకన్నా అనుకోలేదు. తాళం వేసేటప్పుడు రోజుకో మాట చెబుతుంది దానికి. రోజూ ఒకే మాట అయితే లాభం లేదు, నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిసిపోతాయి. ఇవాళ నా చెప్పు తెగింది. ఇవాళ పక్కింటి పిల్లి నా కన్నా ముందు లేచింది. ఇవాళ అల్లుడుగారు చొక్కా తిరగేసి తొడుక్కుని ఆఫీసుకి వెళ్ళారు, నేను చెప్పలేదు. అలా ఏదో ఒకటి. తర్వాత బస్సులో కూర్చున్నాక, వేశానా లేదా అని గుండె పీకడం మొదలెడుతుంది. అప్పుడు ఇవాళ తాళానికి ఏం చెప్పాను అని తనని తనే అడుగుతుంది. పిల్లి మాట గుర్తొస్తుంది. పిల్లి మాట చెప్పానంటే తాళం వేసినట్టే. గుండె దాని చోటికి అది వెళ్ళిపోతుంది.

బుల్లి ఇన్నేళ్ళుగా తాళాలు అమ్ముతోంది, తాళం వేసి వెళ్ళినవాడికి సగం దారిలో పట్టుకునే ఈ అనుమానానికి మాత్రం తన దగ్గర ఏ సరుకూ లేదు. దొంగకి తాళం వేస్తాం, అనుమానానికి ఏం వేస్తాం? మౌస్ పట్టుకుని, దొంగల ఉత్తరం మొత్తం తుడిచేసింది. అమ్మ పక్కనే స్టూలు లాక్కుని, ఇప్పుడు నాకు చెప్పినట్టే చెప్పు అంది.

ఈసారి తొందరగా అయిపోయింది. క్షేమం అడిగారు. పిల్లి సంగతి రాశారు. చొక్కా సంగతి రాయాలా వద్దా అని కాస్త వాదన జరిగింది. అప్పుడే టీ అని ఏదో పట్టుకుని దిగిన అల్లుడు అది చదివి, ఏ రోజు, ఏ చొక్కా, ఆఫీసులో ఎవరూ అనలేదే అని కంగారుపడ్డాడు. చివరికి, అత్తయ్య గారి ఉత్తరం కోసం ఆ మాత్రం పరువు పోయినా పర్లేదు, ఉంచండి అన్నాడు. తగ్గింపు సంగతి కూడా అడుగున పెడదామంది బుల్లి. అమ్మ ఒప్పుకోలేదు, క్షేమం అడిగి వెంటనే బేరం పెడితే ఆ క్షేమం కూడా బేరం కోసమే అనుకుంటారంది. బుల్లి బతిమాలితే ఒక్క వాక్యానికి దిగింది. మీ తాళంచెవి అరిగిపోయి తిప్పలు పెడుతుంటే తీసుకురండి, మా అమ్మాయి చూస్తుంది. పైన పెట్టిన మాట 'ఇవాళ మీ తాళానికి ఏం చెప్పారు?' అని. నీలం బటన్ అమ్మ చేతే నొక్కించారు.

మర్నాటికి దుకాణంలో పండగలా ఉంది. ఒక డ్రైవరు తన మేజోళ్ళు రెండూ రెండు రంగులని తాళానికి చెప్పుకున్నాడట. పళ్ళ డాక్టరు తన క్లినిక్ తాళానికి, నేను వచ్చేదాకా నోరు తెరవకు అని చెప్పి వెళ్ళాడట. ఒకావిడ రోజూ ఆడపడుచు మీద చాడీ చెబుతోందట, ఇంతవరకూ తాళం ఎవరికీ చెప్పలేదట. బుల్లి గట్టిగా చదువుతుంటే అమ్మ ముసిముసిగా నవ్వుతూ, అందరికీ జవాబు రాయాలే, ఊరుకుంటే బాగోదు అంటోంది. మధ్యాహ్నానికి అరిగిన తాళంచెవులు పట్టుకుని ఒకరి వెనక ఒకరు వచ్చారు. వచ్చినవాళ్ళు బుల్లి కన్నా ముందు అమ్మ కోసం చూశారు. మలుపులో పెద్ద షాపుకి వెళ్ళి కౌంటరు వద్దని చెప్పొచ్చేస్తానంది బుల్లి. తొందరపడకు, నెలాఖరు దాకా చూద్దాం అంది అమ్మ, సంతోషం మరీ ఎక్కువైతే ఆవిడకి అదో భయం.

జనం కాస్త పలచబడ్డాక బుల్లి మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చుంది. ఒక జవాబు తెరిచింది. ఈసారి గట్టిగా చదవలేదు. అమ్మ కళ్ళజోడు సర్దుకుని భుజం మీంచి వంగింది.

'తాళం వేసేటప్పుడు దానికి ఏదో ఒకటి చెప్పి వెళ్ళమన్నారు. నా గది తాళం బయట ఉంది. వాళ్ళే వేసి వెళ్తారు. లోపల కూర్చున్నదాన్ని నేనేం చెప్పాలమ్మా?'

కింద పేరు లేదు. బుల్లి గబగబా జవాబు కొట్టబోయింది, మీరెవరండీ అని. అమ్మ దాని మణికట్టు పట్టుకుంది. రాయొద్దంది. ఇది ఆ ఇంటి మెయిలు కాబోలు, తాళం వేసినవాడి ఫోన్లోనూ మోగుతుందేమో, వాడు చూస్తే ఆవిడ గతేం కాను అంది. ఆ ఊహ ఇంకెవరికీ తట్టేది కాదు. బుల్లి వేళ్ళు వెనక్కి తీసుకుంది. ఆ చిరునామాకి ఇంతకుముందు ఏం పంపామో వెతికింది. పోయిన నెల ఒక గడియ బిగించినందుకు పంపిన రసీదు తెర మీదికి వచ్చింది.

"అమ్మా, ఆ గడియ వేసింది నేనే. ఆ ఇంటాయన సామాన్ల గది అన్నాడు. అందుకే బయటి వైపు వేశాను."

ఒకళ్ళ ఇంటి సంగతి, ముందు కనుక్కుందాం, నేను సెలవు పెట్టి వస్తాను, అందాకా ఆగమని అల్లుడు ఫోన్లో అంటూనే ఉన్నాడు. బుల్లి సంచీ భుజానికి ఎత్తుకున్నప్పుడల్లా గుమ్మంలో అడ్డం నిలబడే అమ్మ, ఆ రోజు తనే సంచీ కొక్కెం మీంచి దించింది. నూనె డబ్బా అందులో వేసింది. గడియ వేసినవాళ్ళం, నెల దాటింది కదా, నూనె వెయ్యడానికి వచ్చామని చెబుదాం అంది. చెబుదాం ఏంటి, నువ్వెక్కడికి అంది బుల్లి. అప్పటికే అమ్మ చెప్పులు వేసుకుంటోంది.

రసీదు మీదున్న ఆ ఇల్లు శుభ్రంగా ఉంది. గోడ మీద వరసగా పూలకుండీలు, అన్నిటికీ నీళ్ళు పోసి ఉన్నాయి. తలుపు తీసినాయన నడివయసువాడు, మెత్తటి మాట. బుల్లిని గుర్తుపట్టి నవ్వాడు. నూనె సంగతి విని, అబ్బే, బాగానే కదులుతోందమ్మా, అవసరం లేదు అన్నాడు. చెయ్యి మాత్రం తలుపు మీంచి తియ్యలేదు.

పరాయివాళ్ళింట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టని అమ్మ, ఎండకి కళ్ళు తిరుగుతున్నాయి నాయనా, గుక్కెడు నీళ్ళు ఇప్పిస్తావా అని గోడ పట్టుకుంది. ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. రండి, కూర్చోండి అని పక్కకి జరిగి, వంటింట్లోకి వెళ్ళాడు. కుళాయి తిప్పిన చప్పుడు వినబడింది.

హాలు చివర సన్నటి నడవా. నడవా చివర మూసిన తలుపు, దాని మీద బుల్లి చేతులతో బిగించిన ఇత్తడి గడియ, గడియకి తాళం. లోపల లైటు వెలుగుతోంది కాబోలు, తలుపు కింద సన్నగా వెలుతురు గీత ఉంది. వాళ్ళిద్దరూ చూస్తుండగానే ఆ వెలుతురులోకి రెండు పాదాల నీడ వచ్చి, తలుపుకి ఆనుకుని, కదలకుండా నిలబడింది. అమ్మ అటు ఒక అడుగు వేసింది.

వంటింట్లో కుళాయి చప్పుడు ఆగిపోయింది.